ఎనిమిదంగుళాలు

ముప్పై ఒక్క ఏళ్లు మార్టేరు రైసుమిల్లులో
హల్లరు పక్కన నిలబడ్డాక,
చుట్టూ చేలు చేపల చెరువులై ఆ మిల్లూ మూతపడ్డాక,
భీమవరం చెవుల డాక్టరు
కాగితం మీద ఒక గీత చూపించాడు.
ఎడమ నుంచి చదునుగా నడిచొచ్చి
కుడివైపు గట్టు తెగినట్టు జారిపోయే గీత.
"సన్నటి శబ్దాలు పోయాయండి. లావువి ఉన్నాయి."

అంటే పిచ్చుక పోయింది.
కుక్కరు విజిల్ పోయింది.
మా ఆవిడ పేరులో మొదటి అక్షరం పోయింది.
సత్యవేణి అని ఎవరు పిలిచినా
నాకు అత్యవేణే.

మిగిలిన ఆస్తికి తగిన పెట్టె కొందామని
పాలకొల్లు బస్సెక్కాను.

కొట్లో దొరబాబు అనే కుర్రాడు
పన్నెండంగుళాలది, ధాన్యపు గాదెలో సగముంటుంది,
ముందుకి లాగి మీట నొక్కాడు.
షట్టరు వణికింది. గాజు అరలో రిమోట్లు
ఒకదాన్నొకటి తోసుకున్నాయి.
రోడ్డవతల బజ్జీలాయన
చట్రం గాల్లోనే పట్టుకుని ఇటు చూశాడు.
"పెళ్లికాండి, వినాయక చవితికా?"
వినడానికి, అన్నాను.
అతనికి వినపడలేదు.

జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసిచ్చాను.
అందులో ఒక్క మృదంగం.
మా మిల్లు గుమస్తా కామేశం గారు
ఒక జీతాల రోజు సాయంత్రం
బస్తాల మధ్య కూర్చుని వాయించింది.
తొప్పికి అద్దిన తడిరవ్వ
సత్యవేణి డబ్బాలోది.

పెద్దపెట్టెలో ఆయన ఎడమచెయ్యి
దెబ్బ వేసి లేచిపోయినా
దెబ్బ పోలేదు.
రేగడిలో దిగిన చక్రంలా ఈడ్చుకుంటూ ఉంది,
వెనకొచ్చింది దాన్ని గుద్దుకుంది.
పెట్టె బొక్కలోంచి గాలొచ్చి
నా పంచె అంచు ఎగరేసింది.
"అదేనండి బేసంటే!"
గాలికైతే కాలవగట్టుంది కదా బాబూ.

వెనక వరసలో, అట్టపెట్టెల చాటున,
బొక్క లేనిది, అన్నివైపులా మూసేసింది,
ఎనిమిదంగుళాలది.
"అది రెండేళ్లుగా ఉందండి. ఎవరూ అడగరు."

అరచెయ్యి ఆనించాను.
మిల్లులో బేరింగు ఎన్నాళ్లుంటుందో
అరచేత్తోనే చెప్పేవాణ్ణి.
దెబ్బ పడింది. ఉంది. ఆగింది.
రెండో దెబ్బకి ముందున్న ఖాళీ
ఖాళీగానే ఉంది.
కామేశం గారి మణికట్టు తిప్పడం,
తొప్పి మూలగడం,
అరచేతిలోకి ఎక్కాయి.
తొమ్మిదివేలకి బేరం తెగింది. వైరు ఊరికే.

ఇంట్లో మూలన పెడితే
అటకమీది ఇత్తడి బిందెలు శ్రుతి అందుకున్నాయి.
గోడవతల వీర్రాజు గారు దగ్గారు, కావాలనే.
గడియారం వెనక బల్లి ఇల్లు ఖాళీ చేసింది.

అప్పుడు నా కుర్చీలో దాన్ని కూర్చోబెట్టి
నేను గచ్చుమీద పాకాను,
అరవై రెండేళ్ల మోకాళ్లతో,
చెవి నేలకి వంచి.
మంచం దగ్గర వరద గోదారి.
గుమ్మం దగ్గర, ఏప్రిల్‌లో కట్టేసిన కాలవ.
బియ్యం డబ్బాకీ కుట్టుమిషనుకీ మధ్య
మూరెడు చోట మాత్రం
నీళ్లు గట్టుకి సమంగా నిలిచాయి.
"ఏంటండీ, పన్ను గానీ రాలిందా?"
ఆవిడ నవ్వు వినపడలేదు,
భుజాలు కదలడం చూశాను.

పెట్టెని ఆ చోటికి మార్చి
మీట తగ్గించాను.
ఇంకొంచెం.
ఇంకొంచెం, ఉందో లేదో తెలియనంత.
బల్లి వెనక్కొచ్చింది.

పదిన్నరకి కరెంటు పోయింది.
ఫ్యాను రెక్కలు తీరుబడిగా ఆగాయి.
వంటింటి చీకట్లోంచి ఆవిడ ఏదో అడిగింది.
"ఆపే... రేం?"
మధ్య అక్షరం నేనే వేసుకున్నాను.

గిన్నెలు తోముతూ వింటోందని
నాకు తెలీదు.
ఆవిడకీ అప్పుడే తెలిసినట్టుంది.